పాత కారుకి క్రోమ్ వీల్ ఆర్చ్ ట్రిమ్: మెరుపు చూసే ముందు అంచు చూడండి

నా 1982 మెర్సిడెస్ డబ్ల్యూ123 నా చేతికి వచ్చేనాటికే దాని నాలుగు చక్రాల పైనా ఉండే వంపు అంచులకి (వీల్ ఆర్చ్‌లకి) మెరిసే పట్టీ, అంటే క్రోమ్ ట్రిమ్, బిగించి ఉంది. నిజం చెప్పాలంటే కారు నచ్చడానికి సగం కారణం అదే. రెండో ఏడు, వెనక కుడి చక్రం పైన, ట్రిమ్ అంచుని ఆనుకుని పెయింట్‌లో కందిగింజంత బుడగ కనిపించింది. గోటితో నొక్కితే లోపలికి దిగిపోయింది. స్క్రూలు విప్పి ట్రిమ్ లాగాను. మట్టి, ఆకుల పొడి, తుప్పు రేకులు కలిసిన ముద్ద ఒకటి నేల మీద పడింది. వాన పడి పది రోజులైనా ఆ ముద్ద ఇంకా తడిగానే ఉంది. ట్రిమ్‌ని గుడ్డతో తుడిస్తే అద్దంలా మెరిసింది. దాని వెనక ఉండాల్సిన ఆర్చ్ అంచు మాత్రం జానెడు పొడవున మాయమైంది.

ఆ రోజు నుంచి ట్రిమ్‌ని చూసే పద్ధతే మారిపోయింది నాకు. బీడింగ్ అన్నా, గార్నిష్ అన్నా, మోల్డింగ్ అన్నా అది కారులో అన్నిటికన్నా త్వరగా తుప్పు పట్టే అంచు మీద కూర్చునే వస్తువు. చక్రం చిమ్మే నీళ్ళు, ఇసుక, రాళ్ళు అన్నీ నేరుగా అక్కడికే వెళ్తాయి. అందుకే ఏ ట్రిమ్ చూసినా నేను ముందు అడిగేది ఒకటే: దీని వెనక నీళ్ళు చేరితే ఎటు పోతాయి? కింద రాసినదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

మొదట, చక్రం విప్పి ఆర్చ్‌ని చూడండి

ట్రిమ్ కోసం వెతకడం మొదలుపెట్టక ముందే ఈ పని అయిపోవాలి. కారుని జాక్ మీద లేపి, స్టాండ్ పెట్టి, చక్రం తీసేయండి. టార్చ్ వేసి ఆర్చ్ లోపలికి మడిచిన అంచుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా వేలితో తడమండి. మట్టి ఉంటే కడిగి, ఆరాక మళ్ళీ తడమండి. అంచు నున్నగా, ఒకే మందంతో తగలాలి. గరుగ్గా, పొరలు పొరలుగా తగిలిందంటే తుప్పు మొదలైనట్టే.

ముందు ఆర్చ్, వెనక ఆర్చ్ ఒకటి కాదు. చాలా పాత కార్లలో ముందు ఫెండర్ బోల్టులతో బిగించిన విడి భాగం, అంచు దగ్గర ఒకే రేకు. అది పాడైనా విప్పి మార్చుకోవచ్చు. వెనక అలా కాదు. బయటి ప్యానెల్, లోపలి చక్రపు గూడు అంచు దగ్గర కలుస్తాయి. రెండు రేకుల్నీ కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటారు. ఆ రెండింటి మధ్య సందులోకి ఒక్కసారి తడి దిగిందంటే ఇక అంత తేలిగ్గా ఆరదు. పైగా ఆ ప్యానెల్ కారు బాడీలో భాగం కాబట్టి బాగు చేయాలంటే కోసి అతకాల్సిందే. మీకున్న సమయంలో ముప్పావు వంతు వెనక రెండు ఆర్చ్‌ల మీదే పెట్టండి.

ఇక లప్పం సంగతి. పాత కారు అంచుల్లో తుప్పు తిన్న చోట లప్పం పూసి పెయింట్ కొట్టేయడం మామూలే. చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి ఆర్చ్ పైభాగం మీద మెల్లగా జరపండి. ఇనుము ఉన్నచోట అది పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట వదిలేస్తుంది. వదిలిన చోటల్లా మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. ఆఖర్న నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే కారు చరిత్ర టేపు ముక్కల్లో కనిపిస్తుంది. ఫెండర్ అల్యూమినియందో ఫైబర్‌దో అయితే ఈ పరీక్ష పనిచేయదు, అది ముందే తెలుసుకోండి.

తుప్పు కనిపిస్తే ట్రిమ్ ఆలోచన పక్కన పెట్టి ముందు బాడీ పని చేయించండి. పాడైన అంచుని కప్పేయడానికి ట్రిమ్ కొనొద్దు. ఎందుకంటే కప్పిన తుప్పు ఆగదు, కనపడకుండా పెరుగుతుంది. ఎవరైనా ట్రిమ్ ఉన్న కారు అమ్ముతుంటే కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. అది అలంకారం కావచ్చు, దాచడానికి పెట్టిన మూతా కావచ్చు. ఒక్క స్క్రూ విప్పి చూడనిస్తారా అని అడగండి.

మీ కారుకి ట్రిమ్ నప్పుతుందా?

కొన్ని కార్లకి ఇది ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. 1967 షెవర్లే కమారోలో జెడ్21 అనే స్టైల్ ట్రిమ్ ప్యాకేజీ తీసుకున్నవాళ్ళకి చక్రాల చుట్టూ మెరిసే మోల్డింగ్ కూడా అందులో భాగంగా వచ్చేది. అలాంటి కారు మీదైతే ఎంపిక తేలిక. పాత బ్రోషర్లో, పార్ట్స్ క్యాటలాగ్‌లో ఏముందో చూసి అదే ఆకారం, అదే వెడల్పు వెతకాలి. ఒరిజినాలిటీకి మార్కులు వేసే ప్రదర్శనలకి కారు తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే, ఫ్యాక్టరీ ఇవ్వని ట్రిమ్ మార్కులు తగ్గిస్తుంది. అలాంటప్పుడు రంధ్రం చేయకుండా బిగించేది తప్ప ఇంకోటి ఆలోచించొద్దు.

ఫ్యాక్టరీ ఇవ్వకపోయినా యజమానులు తర్వాత తగిలించుకున్న కార్లు బోలెడు. అలాంటి వాటిలో నప్పేదీ నప్పనిదీ ఎక్కువగా మిగతా మెరుపు మీద ఆధారపడుతుంది. బంపర్, కిటికీ ఫ్రేము, పైకప్పు వాన గాడి, గ్రిల్ అన్నీ మెరిసే లోహమైతే చక్రాల చుట్టూ గీసిన వెండి గీత వాటితో కలిసిపోతుంది. బీఎండబ్ల్యూ ఈ30నే తీసుకోండి. మొదట్లో వచ్చిన వాటికి క్రోమ్ బంపర్లు. 1987లో చేసిన మార్పులతో చాలా మోడళ్ళకి ప్లాస్టిక్ బంపర్లు వచ్చాయి. మొదటి దానికి సన్నటి ట్రిమ్ పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. రెండో దాని మీద అదే ట్రిమ్ ఒంటరిగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

తలుపుల కింద ప్లాస్టిక్ క్లాడింగ్ (రేకుని కప్పే పలక) ఉన్న కార్లలో ఇంకో చిక్కు ఉంది. మెర్సిడెస్ డబ్ల్యూ126కి 1985 వరకు గాళ్ళున్న క్లాడింగ్, ఆ తర్వాత నున్నటిది వచ్చింది. డబ్ల్యూ124కి 1989 మార్పులతో తలుపుల మీద వెడల్పాటి క్లాడింగ్ చేరింది. ట్రిమ్ కింది చివర ఆ క్లాడింగ్ దగ్గర ఎలా ఆగుతుందన్నదే అసలు సంగతి. క్లాడింగ్ మీదకి ఎక్కినా, ముందే ఆగిపోయి ఖాళీ వదిలినా చూపు అక్కడికే పోతుంది. అందుకే మోడల్ పేరొక్కటే చెబితే చాలదు. తయారైన సంవత్సరం, మార్పులకి ముందుదా తర్వాతదా, సెడానా కూపేనా స్టేషన్ వ్యాగనా అన్నీ చెప్పి కొనాలి.

ఎంత వెడల్పు బాగుంటుందో బొమ్మలు చూసి తేల్చుకోలేం. అల్యూమినియం ఫాయిల్ టేప్‌ని 10 మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించి ఒక ఆర్చ్ చుట్టూ, 25 మిల్లీమీటర్లది ఇంకో ఆర్చ్ చుట్టూ అంటించండి. పెయింట్ పాతదో, ఈమధ్యే కొట్టించిందో అయితే టేపుతో పాటు ఊడిరావచ్చు, ముందు కనపడని చోట పరీక్షించుకోండి. పదిహేను అడుగులు వెనక్కి వెళ్ళి, ఎండలో ఒకసారి, సాయంత్రం వెలుతురులో ఒకసారి చూడండి. ముదురు రంగు కారు మీద మెరుపు గీత ఆర్చ్‌ని పెద్దది చేసి చూపిస్తుంది. టైరుకీ ఆర్చ్‌కీ మధ్య ఖాళీ ఎక్కువుంటే ఆ ఖాళీ కూడా పెద్దదై కనిపిస్తుంది. తెలుపు, వెండి రంగుల మీద ఆ గీత దాదాపు కలిసిపోతుంది. నేను వెడల్పాటిది కొనాలనుకుని, ఈ టేపు పరీక్ష తర్వాత సన్నదానికి వచ్చాను.

లోహం ఏదో తేల్చుకోండి

'క్రోమ్ ట్రిమ్' పేరుతో అమ్మేవన్నీ క్రోమ్ కావు. వాటిలో కనీసం నాలుగు రకాల వస్తువులున్నాయి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కి పూత ఉండదు. లోహాన్నే అద్దంలా పాలిష్ చేస్తారు. కాబట్టి పెచ్చులు ఊడే ప్రశ్నే లేదు, గీతలు పడితే మళ్ళీ పాలిష్ చేసుకోవచ్చు. 304 గ్రేడ్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 430 గ్రేడ్‌లో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ దాదాపు ఉండదు. కార్ల ట్రిమ్‌లో 430 కూడా బాగా వాడతారు, అది చెడ్డదేం కాదు. కానీ సముద్రపు గాలి తగిలే చోట, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట 304 ఎక్కువ కాలం నిలుస్తుంది. 316లో మాలిబ్డినం కూడా ఉంటుంది, ఉప్పుకి ఇంకా బాగా తట్టుకుంటుంది. గ్రేడ్ తెలుసుకోవడానికి అయస్కాంతం పనికొస్తుంది. 430ని గట్టిగా పట్టుకుంటుంది, 304ని పట్టుకోదు. వంచిన చోట 304 కూడా కొంచెం లాగుతుంది కాబట్టి చదునుగా ఉన్నచోటే పెట్టి చూడండి. ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు ఇనుము మీద క్రోమ్ పూసినదాన్ని కూడా అయస్కాంతం పట్టుకుంటుంది. ఆ తేడా వెనక్కి తిప్పి కోసిన అంచు చూస్తే తెలుస్తుంది. పూత ఉన్నదానికి లోపల వేరే రంగు, వేరే పొర కనిపిస్తుంది.

అసలు క్రోమ్ పూత ఇత్తడి మీదో ఇనుము మీదో వేస్తారు. ముందు రాగి, ఆ మీద నికెల్, చివర్న క్రోమియం. ఆ చివరి పొర వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. తుప్పుని ఆపేదీ, ఆ మెరుపుకి లోతునిచ్చేదీ నిజానికి కింద ఉన్న నికెల్. అందుకే పూత వేయిస్తుంటే క్రోమ్ ఎంత అని కాదు, నికెల్ ఎంత మందం వేస్తారని అడగండి. ఇత్తడి మీద వేసింది బరువుగా ఉంటుంది, పూత పోయినా ఎర్ర తుప్పు రాదు. ఇనుము మీద వేసినదైతే స్క్రూ రంధ్రాల చుట్టూ, కోసిన అంచుల్లో ముందు పాడవుతుంది.

అల్యూమినియం తేలికైనది, వంచడం సులువు. ఆనోడైజ్ చేసిందైతే, అంటే కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పొర తెప్పించిందైతే, ఆ పొర గీసుకుపోయాక పాలిష్‌తో తిరిగి రాదు. రాళ్ళ దెబ్బకి సొట్టలు కూడా త్వరగా పడతాయి.

ప్లాస్టిక్‌లో రెండు తరగతులు. ఏబీఎస్ ప్లాస్టిక్ మీద నిజంగానే రాగి, నికెల్, క్రోమ్ పూత వేసింది ఒకటి. చూడ్డానికి బాగుంటుంది కానీ బిగించేటప్పుడు వంచితే పూత చిట్లుతుంది. రెండోది చుట్టగా అమ్మే పీవీసీ స్ట్రిప్, లోపల మెరిసే ఫిల్మ్ ఉండేది. ఎండకి మసకబారి పొరలుగా లేస్తుంది. దీన్ని శాశ్వతంగా పెట్టుకోమని చెప్పను, నెల రోజులు చూసుకోవడానికి మాత్రం మంచిదే.

రంగు గురించి కూడా ఒక మాట. క్రోమ్‌లో నీలం ఛాయ ఉంటుంది. స్టెయిన్‌లెస్‌లో కొంచెం పసుపు, వెచ్చదనం ఉంటుంది. అల్యూమినియం పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది. క్రోమ్ బంపర్ పక్కనే స్టెయిన్‌లెస్ ట్రిమ్ పెడితే మబ్బు పట్టిన రోజు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్క ముక్క ముందు తెప్పించుకుని బంపర్ మూలకి ఆనించి చూస్తే చాలు. నావి 304 స్టెయిన్‌లెస్. నా కారు కిటికీల చుట్టూ ఉన్న మెరుపుకి దగ్గరగా ఉన్నాయి, బంపర్‌కి కొంచెం దూరంగా. అది తెలిసే ఒప్పుకున్నాను.

ఇక్కడే అందరూ పొరబడే విషయం ఒకటుంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు కాబట్టి ఆర్చ్‌కి రక్షణ అనుకుంటారు. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకితే అక్కడ చిన్న బ్యాటరీ లాంటిది తయారవుతుంది. అందులో కరిగిపోయేది కారు రేకే, స్టెయిన్‌లెస్ కాదు. పెయింట్ మీద ఎక్కడో గీత పడి ఇనుము బయటపడితే దాడంతా ఆ చిన్న గీత మీదే జరుగుతుంది. నా కారులో ట్రిమ్ అద్దంలా ఉండి అంచు మాయమవడానికి కారణం ఇదే, దానికి తోడు తడి మట్టి. కాబట్టి లోహం ఎంత మంచిదైనా దానికీ పెయింట్‌కీ మధ్య రబ్బరు ఉండాలి.

వెనకవైపు ఫోటో అడగండి

అమ్మేవాళ్ళు ముందు వైపు మెరుపే చూపిస్తారు. మీకు కావలసింది వెనక వైపు. అక్కడ చూడాల్సినవి ఇవి. పెయింట్‌ని తాకే అంచు పొడవునా రబ్బరు బీడింగ్ ఉందా? లోపలి మడత ఎంత లోతు? కింది రెండు చివర్లూ తెరిచి ఉన్నాయా, మూసేసి ఉన్నాయా? మూసి ఉంటే లోపల చేరిన నీళ్ళకి దారి లేదు. నేనైతే అలాంటివి కొనను. రబ్బరు ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) అయితే ఎండకీ వానకీ తట్టుకుంటుంది. మెత్తటి స్పాంజ్ పట్టీ అయితే నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, దాన్ని తీసేసి ఈపీడీఎం వేసుకోండి.

కొలతలకి ఒక కాగితం పట్టీ చాలు. ఆర్చ్ అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివరికి అంటించి, గుర్తు పెట్టి, తీసి కొలత టేపుతో కొలవండి. నాలుగు ఆర్చ్‌లూ విడివిడిగా కొలవండి. పాత కారులో ఎడమా కుడీ ఒకేలా ఉంటాయనుకోవద్దు. ఎప్పుడో దెబ్బ తగిలి సరిచేసిన వైపు అయిదారు మిల్లీమీటర్ల తేడా ఉండటం వింతేం కాదు. లోపలి అంచు లోతు మూడు చోట్ల కొలవండి: పైన, ముందు, వెనక. పెద్ద టైర్ల కోసం అంచుని లోపలికి పూర్తిగా మడిచేసిన కార్లుంటాయి. అలాంటి వాటికి స్క్రూతో బిగించే ట్రిమ్‌కి పట్టే చోటే ఉండదు.

అట్టముక్క మీద ఆర్చ్ వంపు గీసి కత్తిరించి పెట్టుకుంటే, వచ్చిన ట్రిమ్‌ని కారు దగ్గరికి తీసుకెళ్ళకుండానే సరిచూసుకోవచ్చు. అన్ని మోడళ్ళకీ సరిపోతుందని చెప్పే ట్రిమ్ ఏ మోడల్‌కీ బాగా సరిపోదు. లాగి బిగిస్తే ఆ ఒత్తిడికి చివర్లు పైకి లేస్తాయి, రబ్బరు జారిపోతుంది, ఆ సందులోంచి ఇసుక దూరుతుంది.

ఎలా బిగిస్తారో కొనే ముందే నిర్ణయించుకోండి

లోపలి మడతకి స్క్రూలు వేయడం, క్లిప్పులు, రివిట్లు, జిగురు టేప్. వీటిలో రివిట్లు నాకు నచ్చవు. విప్పాలంటే డ్రిల్ చేయాలి కాబట్టి ఎవరూ విప్పరు, లోపల ఏమవుతుందో ఎవరూ చూడరు. నా ఓటు క్లిప్పులకి, అవి దొరక్కపోతే స్క్రూలకి.

స్క్రూలైతే లోపలివైపు నుంచి, లోపలి మడతలోకి మాత్రమే. బయటి రేకులో రంధ్రం ఎప్పుడూ వద్దు. ఒక్కో ఆర్చ్‌కి ఎన్ని తక్కువ స్క్రూలతో ట్రిమ్ కదలకుండా నిలుస్తుందో అన్నే వేయండి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే కావాలి.

టేప్‌తో అంటించేది ఎంచుకుంటే 3ఎం వీహెచ్‌బీ లాంటి అక్రిలిక్ ఫోమ్ టేప్ వాడండి. పెయింట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు కలిపిన మిశ్రమంతో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించాలి. గట్టిగా నొక్కాలి. పట్టు పూర్తిగా రావడానికి 72 గంటలు పడుతుంది, ఆ మూడు రోజులూ కారు కడగొద్దు. తీయాల్సి వస్తే చేపల వల దారంతో రంపంలా కోస్తూ తీస్తే పెయింట్ దెబ్బతినదు.

సందులు మూయడానికి సిలికాన్ సీలెంట్ వాడాలనుకుంటే మూత తీయగానే వెనిగర్ వాసన వచ్చే రకం అసలొద్దు. అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం లోహాన్ని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి. అది కూడా ట్రిమ్ పైభాగంలో, నీళ్ళు దిగే వైపు మాత్రమే. కింది చివర్లని సిలికాన్‌తో మూసేస్తే మొదట చెప్పిన కథే మళ్ళీ మొదలవుతుంది.

బిగించే రోజు

ముందు ఏ స్క్రూ లేకుండా, మాస్కింగ్ టేప్‌తో నాలుగూ నిలబెట్టండి. తలుపులన్నీ తెరిచి మూయండి. చాలా సెడాన్లలో వెనక తలుపు అంచు ఆర్చ్‌ని ఆనుకునే ఉంటుంది, మందమైన ట్రిమ్ తలుపుకి గీసుకుంటుంది. తర్వాత చక్రాలు బిగించి, స్టీరింగ్‌ని పూర్తిగా ఎడమకీ, పూర్తిగా కుడికీ తిప్పి చూడండి. వెనక డిక్కీలో ఇద్దరు మనుషులంత బరువు పెట్టి టైరుకీ అంచుకీ మధ్య ఎంత మిగిలిందో వేలు పెట్టి చూడండి. టైరు వైపు పొడుచుకొచ్చిన స్క్రూ తల గుంతలో పడ్డ ఒక్క క్షణంలో టైరు పక్క గోడని కోసేయగలదు. ఫ్యాక్టరీ కొలత కన్నా వెడల్పాటి టైర్లు వేసి ఉంటే ఈ పరీక్ష రెండుసార్లు చేయండి.

రంధ్రం చేసేటప్పుడు డ్రిల్ బిట్‌కి టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. చేశాక అంచు ముళ్ళు తీసేసి, బయటపడ్డ ఇనుముకి ఎపాక్సీ ప్రైమర్, ఆ మీద పెయింట్. ఆరడానికి ఒక రాత్రి వదలండి. పొద్దున స్క్రూని తుప్పు నిరోధక మైనంలో ముంచి బిగించండి. డ్రిల్ చేసినప్పుడు రాలిన ఇనుప పొడి ఒక్క రేణువు కూడా మిగలకూడదు. అది పడ్డ చోటే తుప్పు పట్టి పెయింట్ మీద గోధుమరంగు చుక్కలు పెడుతుంది. నేను అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి అంచంతా తిప్పి, ఆ తర్వాత కడుగుతాను.

లోపలి అంచుకి, రెండు రేకులు కలిసే సందుకి పలచటి మైనం స్ప్రే చేసి, అప్పుడు ట్రిమ్ పెట్టండి. పైన మధ్య స్క్రూ ముందు, తర్వాత అటొకటి ఇటొకటి. అన్నీ సగం బిగించి, రబ్బరు ఎక్కడా మడత పడలేదని చూసుకుని, అప్పుడు పూర్తిగా. స్క్రూ గట్టిగా బిగించాలన్న ఆత్రం వద్దు, పలచటి రేకులో మర కోసుకుపోతుంది.

స్టెయిన్‌లెస్ ట్రిమ్ మీద రక్షణగా ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి ఉంటుంది. రబ్బరు కిందికి వెళ్ళే అంచు దగ్గర దాన్ని బిగించే ముందే ఒలిచేయండి, మిగతాది పని అయ్యేదాకా ఉంచొచ్చు. అలాగే వదిలేస్తే మాత్రం ఎండకి అతుక్కుపోయి ముక్కలు ముక్కలుగా తప్ప రాదు.

తర్వాత చూసుకోవాల్సింది పెద్దగా లేదు. కారు కడిగినప్పుడల్లా ట్రిమ్ వెనక్కి పైనుంచి నెమ్మదిగా నీళ్ళు పోయండి, కింది చివర నుంచి శుభ్రంగా కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే లోపల మట్టి పేరుకుంది. క్రోమ్ పూత ఉన్నదాన్ని స్టీల్ పీచుతో రుద్దొద్దు, మెత్తటి గుడ్డ, మైనం చాలు. ఏడాదికోసారి విప్పండి. నాకు నాలుగు ఆర్చ్‌లూ విప్పి, తుడిచి, మైనం కొట్టి తిరిగి బిగించడానికి ఒక ఆదివారం పొద్దు పడుతుంది. వెనక కుడి వైపుతోనే మొదలుపెడతాను. కొత్తగా అతికిన అంచు అదే, వేలు ముందు అక్కడికే వెళ్తుంది.